చికెన్ కాసరోల్‌కు చిక్కదనం ఎక్కడిది?

పాలు, వెన్న, మైదా, కోడిమాంసం, పైన కాస్త చీజ్. అమెరికా ఇళ్లలో తరచూ వండుకునే చికెన్ కాసరోల్‌కు కావలసినవి దాదాపు ఇంతే. 1934లో క్యాంప్‌బెల్ కంపెనీ క్రీమ్ ఆఫ్ మష్రూమ్ సూపును డబ్బాల్లో తెచ్చాక, అక్కడ చాలామంది సాస్ కాచడం మానేసి ఆ డబ్బానే వాడటం మొదలుపెట్టారు. అది చేసే పని మన పొయ్యి మీద పది నిమిషాల్లో అయిపోతుంది. వెన్నలాంటి ఆ నునుపు కోసం మీగడ ఎక్కువ పోయాలనుకుంటాం గానీ, అది ముఖ్యంగా మైదాలోని స్టార్చ్ పుణ్యమే.

మరిగే పాలలో చెంచాడు పొడి మైదా వేసి చూడండి. చిటికెలో ఉండలు కడుతుంది. ఒక ఉండను తీసి చిదిమితే లోపల పిండి తెల్లగా, పొడిగా, తడి సోకకుండా అలాగే ఉంటుంది. వేడి పాలు తగలగానే పైపొరలోని స్టార్చ్ రేణువులు నీరు పీల్చి ఉబ్బి, జిగురుగా అతుక్కుని లోపలికి దారి మూసేస్తాయి. ఆ తర్వాత ఎంత కలిపినా ఉండ విడదు. అందుకే మైదాను ముందుగా కరిగిన వెన్నలో వేయించాలి. రేణువులకు కొవ్వు పట్టి విడివిడిగా ఉంటాయి. అప్పుడు పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే అన్నీ సమానంగా ఉబ్బుతాయి. ఈ ఉబ్బడం 60 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో మొదలవుతుంది గానీ, సాస్ పూర్తిగా చిక్కబడాలంటే మరుగు రావాల్సిందే. రేణువుల నుంచి బయటికొచ్చిన అమైలోజ్ అనే స్టార్చ్ గొలుసులు కూడా అప్పుడే నీటి కదలికకు అడ్డుపడతాయి. మైదాను ఎర్రగా వేయిస్తే ఆ గొలుసులు తెగి సాస్ పలచబడుతుంది. పచ్చివాసన పోతే చాలు. అరలీటరు పాలకు నాలుగు టేబుల్ స్పూన్ల మైదా, అంతే వెన్న సరిపోతాయి.

పుల్లదనం కోసం కొందరు పెరుగు కలుపుతారు. వట్టి పెరుగును కాస్తే అందులోని కేసీన్ ప్రోటీన్లు ముద్దకట్టి, నీరు విడిపోతుంది. స్టార్చ్ ఉంటే ఆ ప్రోటీన్లు ఒకదాన్నొకటి చేరడం కష్టమవుతుంది. మజ్జిగ పులుసులో శనగపిండి కలిపేదీ ఇందుకే. మన వంటింట్లో తరతరాలుగా ఉన్న ఈ తెలివి నాకు ఎంతో ఇష్టం.

ఇక మాంసం. అమెరికా ఆహార భద్రతా సూచనల ప్రకారం కోడిమాంసం లోపల 74 డిగ్రీలు చేరాలి. ఛాతీ ముక్కలు అది దాటి ఉడికే కొద్దీ, బిగుసుకునే కండర ప్రోటీన్లు నీటిని బయటికి పిండేస్తాయి. ముక్కలు పీచుగా అవుతాయి, ఆ నీటితో సాస్ పలచబడుతుంది. తొడ మాంసంలో కొల్లాజెన్ ఎక్కువ. అది నిదానంగా జెలటిన్‌గా మారి ముక్కను మెత్తగా ఉంచుతుంది కాబట్టి నా ఓటు తొడ మాంసానికే. ఏ మాంసమైనా సాస్‌ను కావలసినదానికన్నా కాస్త గట్టిగానే కాచుకోండి.

ఓవెన్ 190 డిగ్రీల్లో ఉన్నా, సాస్‌లో నీరున్నంతసేపు లోపలి వేడి 100 దాటదు. పైపొర ఆరిపోయిన చోట మాత్రమే వేడి పెరిగి, 140 డిగ్రీల దగ్గర ప్రోటీన్లు, చక్కెరలు చురుగ్గా కలిసి బంగారు రంగూ కమ్మని వాసనా వస్తాయి. ఈ చర్యను 1912లో వివరించినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మెయ్యార్. మూత పెడితే ఆవిరి పైపొరను ఆరనివ్వదు. చివరి పావుగంట మూత తీసెయ్యాలి. పైన చెడ్డార్ గానీ మోజరెల్లా గానీ తురమండి. పనీర్ ఎంత కాచినా కరగదు.

ఓవెన్ నుంచి తీసిన వెంటనే వడ్డిస్తే సాస్ పళ్లెంలో పారుతుంది. పది నిమిషాలు ఆగితే వేడి తగ్గి, అమైలోజ్ గొలుసులు దగ్గరవుతాయి, సాస్ ముక్కలను పట్టుకుని నిలుస్తుంది. మర్నాటికి ఫ్రిజ్‌లో అవే గొలుసులు మరీ బిగిసి నీటిని వదిలేస్తాయి. రెండు చెంచాల పాలు కలిపి, సన్నని సెగ మీద కలుపుతూ, పొగలు కక్కేదాకా వేడిచేస్తే సాస్ మళ్లీ కలిసిపోతుంది.