ఇంట్లో మొదటిసారి టమాటా వేస్తున్నారా? ముందు నీళ్ల సంగతి చూసుకోండి

ఎకరాల్లో టమాటా తీసినవాళ్లం, డాబా మీద పది కుండీలు ఓ లెక్కా అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. తీరా చూస్తే అమ్మ పెట్టిన కుండీల్లో మొదటి కాయలు సగానికి సగం అడుగున నల్లబడి, తోలులా అయిపోయాయి. "డిప్లొమా చదివావు కదరా, ఇదేంటి?" అంది. తెగులనుకుని పుల్ల మజ్జిగ కొట్టాను. ఏమీ తగ్గలేదు.

అది తెగులే కాదు. కాయ కొసకి కాల్షియం అందకపోతే అలా అవుతుంది. మట్టిలో కాల్షియం ఉన్నా, నీళ్లతోపాటే కాయదాకా వెళ్లాలి. కుండీ మట్టి పొలంలా కాదు, గట్టి ఎండకి ఒక్క రోజులో ఆరిపోతుంది. మేం రెండ్రోజులు మర్చిపోయి మూడోరోజు బకెట్లతో పోసేవాళ్లం. తప్పంతా అక్కడే ఉంది. కోడిగుడ్డు పెంకులు వేయమని చాలామంది చెబుతారు. వేసుకోండి, నష్టం లేదు. కానీ అవి కరిగేసరికి మీ పంట అయిపోతుంది. నీళ్లు పద్ధతిగా పోసి, ఎండుగడ్డి రెండంగుళాల మందం ఆచ్ఛాదన వేశాక తర్వాతి గుత్తులు శుభ్రంగా వచ్చాయి. పొద్దున్నే మట్టిలో వేలు గుచ్చి చూడండి, రెండంగుళాల లోతులో తడి తగలకపోతే కుండీ అడుగునుంచి కారేదాకా పోయండి. వీడియోలో ఇది చూపించాను.

మిగతావి తేలికే. కనీసం 12 అంగుళాల లోతు కుండీ, దానికి ఒక్కటే మొక్క (ఆశపడి రెండు పెట్టొద్దు). ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమానంగా కలిపి గుప్పెడు వేపపిండి వేయండి. రోజుకి ఆరు గంటలన్నా ఎండ తగలాలి. 25-30 రోజుల నారుకి కింది ఆకులు గిల్లి లోతుగా నాటితే, పూడిన కాండం నుంచి కూడా వేళ్లొస్తాయి. ఊతకర్ర ఆ రోజే పాతండి, తర్వాత పాతితే వేళ్లు తెగుతాయి. 15 రోజులకోసారి లీటరు జీవామృతం 10 లీటర్ల నీళ్లలో కలిపి పోస్తే చాలు.

విత్తనం దాచుకోవాలంటే పూసా రూబీ, అర్కా వికాస్ లాంటి సూటి రకాలు తీసుకోండి. అర్కా రక్షక్ ఆకుముడత వైరస్‌ని తట్టుకుంటుంది గానీ అది హైబ్రిడ్, దాని గింజ మళ్లీ వేస్తే అదే మొక్క రాదు.

మన దగ్గర సెప్టెంబరు, అక్టోబరులో నారు పోసుకుంటే చల్లదనంలో పూత నిలుస్తుంది. ఎండ 35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది, అప్పుడు మందుల కోసం పరిగెత్తకండి. ఆకు ముడుచుకుని మొక్క గిడసబారితే మాత్రం జాలిపడకుండా పీకేయండి, లేదంటే తెల్లదోమ పక్క కుండీలకి అంటిస్తుంది. మేం పీకినవి మూడు, మిగిలిన ఏడు ఇంకా కాస్తున్నాయి.