బాబు కవచానికి ఏ ప్లాస్టిక్ మంచిది?

స్కూలు యానివర్సరీ అనగానే పిల్లలకు సంబరం, తల్లులకు పని! మా అనంతపురం వైపు పెనుకొండ కోట దగ్గరే కదా, ఫ్యాన్సీ డ్రస్ అంటే ముందు గుర్తొచ్చేది శ్రీకృష్ణదేవరాయలే. అద్దె డ్రస్సు తెస్తే ఒకటి వదులు, ఒకటి బిగువు. పోనీ కవచం ఇంట్లోనే చేద్దామని షాపుకి వెళ్తే "ఏ షీటు కావాలమ్మా?" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతాం.

నేను మొదట థర్మోకోల్ తెచ్చాను. రాత్రంతా కత్తిరించి, తెల్లవారుజామున బంగారు రంగు స్ప్రే కొట్టాను. "మా, రంగు కవచాన్ని తినేస్తాండాది సూడు!" అని మావాడు కేక. నిజమే, అంతా గుంటలు! స్ప్రేలోని థిన్నర్ థర్మోకోల్‌ను కరిగించేస్తుందని ఆ రోజే తెలిసింది. మీకు ఆ తిప్పలు వద్దు.

ఛాతీకి, భుజాలకు: స్టేషనరీ షాపుల్లో దొరికే మెత్తటి ఫోమ్ షీటు (ఇ.వి.ఏ.) మేలు. 5 మిల్లీమీటర్ల మందం చాలు. పైన గుడ్డ వేసి, తక్కువ వేడిలో ఇస్త్రీపెట్టె ఆడిస్తే మెత్తబడుతుంది. వెంటనే బిందెకు చుట్టి చల్లారేదాకా పట్టుకోండి, ఆ వంపు నిలిచిపోతుంది. రంగుకి ముందు నీళ్లు కలిపిన ఫెవికాల్ రెండు మూడు పూతలు వేసి ఆరనివ్వండి.

డాలుకు: ఫైలు కవర్ల ప్లాస్టిక్ (పాలీప్రొపిలీన్, గుర్తు 5), పాత బకెట్ (గుర్తు 2) తేలికైనవి, గట్టివి. అయితే వీటికి ఫెవికాల్ అంటదు, రంగు పెచ్చులూడుతుంది. దబ్బనంతో రంధ్రాలు చేసి దారంతో కుట్టుకోండి. పైన జరీ గుడ్డ తొడిగితే రంగు బాధే లేదు.

పి.వి.సి. (గుర్తు 3): 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి స్టవ్ మీద వంచుదామని ఆశ పుడుతుంది. వద్దు! మాడితే వచ్చే ఆమ్లపు పొగ కళ్లను, గొంతును మండిస్తుంది. పైపు ముక్కను బల్లెం కర్రగా వాడుకోండి, అంతే.

గుర్తు కనిపించకపోతే? గాలి గదుల్లేని గట్టి ముక్కను సబ్బు చుక్క వేసిన గ్లాసుడు నీళ్లలో ముంచి వదలండి. 2, 5 రకాలు తేలతాయి. పి.వి.సి. మునుగుతుంది.

ఇక అసలు సంగతి ఎండ. మన ఎండలు తెలుసుగా! ఏ ప్లాస్టిక్కూ చెమట పీల్చదు. లోపల నూలు బనియన్ వేయండి. పక్కలు కలిపేయకుండా నాడాలతో కట్టండి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల నగలకు మెరుపు తెచ్చేది సన్నటి రంధ్రాలే. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కవచం మీద కూడా అలా రంధ్రాల డిజైను వేస్తే అందానికి అందం, గాలికి గాలి.

ఒక్కమాట మరవకండి. ఇవన్నీ అంటుకునేవే, కరిగి చర్మానికి అతుక్కునేవే. స్టేజీ మీద దీపం వెలిగించే చోటికి రాయలవారిని పంపొద్దు. వేషం అయిపోగానే కవచం విప్పి, ముందు గ్లాసుడు మజ్జిగ ఇవ్వండి. బహుమతి సంగతి తర్వాత!