కరెంటు పోయినను కావలి కాయు బ్యాటరీ

తలుపు తెరచినంతనే మ్రోగు దొంగగంటలను నేడు బ్యాంకులలోను, దుకాణములలోను, పాఠశాలల కంప్యూటరు గదులలోను అమర్చుచున్నారు. దొంగ మెయిను స్విచ్చిని కట్టివేసినను, గాలివానకు కరెంటు పోయినను ఈ గంట మూగపోరాదు. అందుచేత దీనికి తోడుగా ఒక బ్యాటరీ ఉండవలెను. అది ఎంత పెద్దది కావలెనన్న ప్రశ్నకు గుణకారము తెలిసిన విద్యార్థి యెవడైనను సమాధానము చెప్పగలడు.

దీనికి సామాన్యముగా 12 వోల్టుల సీసపు బ్యాటరీని వాడుదురు. సీసపు ఘటమును 1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. ఒక్కొక్క ఘటము సుమారు 2 వోల్టుల నిచ్చును. ఆరింటిని వరుసగా కలిపినచో 12 వోల్టులగును. బ్యాటరీని నీళ్ల తొట్టితో పోల్చవచ్చును. తొట్టి ఎంత ఎత్తున ఉన్నదో తెలుపునది వోల్టు. అందు ఎన్ని బిందెల నీరు పట్టునో తెలుపునది ఆంపియర్-గంట.

ఒక యంత్రము ఊరక కాచుకొని యున్నప్పుడు 0.15 ఆంపియర్లు, సైరను మ్రోగునప్పుడు మొత్తము 0.8 ఆంపియర్లు తీసుకొనుననుకొందము. 24 గంటల కావలికి 0.15 × 24 = 3.6, అరగంట మ్రోతకు 0.8 × 0.5 = 0.4, మొత్తము 4 ఆంపియర్-గంటలు. బ్యాటరీ పాతబడిన కొలది శక్తి తగ్గును గనుక నాల్గవ వంతు అదనముగా చేర్చినచో 5 అగును. బజారులో దొరకు 7 ఆంపియర్-గంటల బ్యాటరీ చాలును.

కాని శనివారము సాయంత్రము 5 గంటలకు తాళము వేసి సోమవారము ఉదయము 9 గంటలకు తీయు గది సంగతి ఏమి? అది 40 గంటలు. లెక్క వేసినచో 6 + 0.4 = 6.4, అదనముతో 8. ఆ 7 ఇక్కడ చాలదు! 12 ఆంపియర్-గంటల బ్యాటరీ కావలెను. లేదా ఒకే రకపు, ఒకే వయస్సు గల 7 ఆంపియర్-గంటల బ్యాటరీలు రెంటిని సమాంతరముగా, అనగా ధనమునకు ధనము, ఋణమునకు ఋణము కలుపవలెను. అప్పుడు 12 వోల్టులే ఉండి, 14 ఆంపియర్-గంటలగును. శ్రేణిలో కలిపినచో 24 వోల్టులై యంత్రము చెడును. ఇంత పెద్ద బ్యాటరీని నింపు శక్తి యంత్రములోని ఛార్జరునకు ఉన్నదో లేదో ముందే చూచుకొనవలెను.

కలుపునప్పుడు ఎర్రతీగ ధన ధ్రువమునకు, నల్లతీగ ఋణ ధ్రువమునకు పోవలెను. ధన తీగలో, బ్యాటరీకి దగ్గరగా, ఫ్యూజు ఉండవలెను. ధ్రువములు రెండును ఏ స్పానరుకో ఒక్కసారిగా తగిలినచో నిప్పురవ్వలు లేచి చేయి కాలును.

ముసలి బ్యాటరీ పని లేనప్పుడు 12 వోల్టులు చూపియు, సైరను మ్రోగగానే చతికిలబడవచ్చును. కావున అప్పుడప్పుడు మెయినును ఆపి, సైరనును మ్రోగించి, ఆ సమయముననే వోల్టులను కొలువవలెను. వేడి బ్యాటరీ ఆయువును హరించును. సామాన్యముగా మూడు మొదలు అయిదేండ్లకు దానిని మార్చవలసి యుండును. మీ పాఠశాలలో ఇట్టి గంట యున్నచో, దాని బ్యాటరీ మీద వ్రాసిన సంఖ్యను చూచి, సెలవు దినముల గంటలతో లెక్క కట్టి చూడుడు.