కార్టూన్ పుస్తకాలకు వయసు గీత ఎందుకు?

బడి లైబ్రరీ చూసుకునేదాన్ని కాబట్టి తల్లిదండ్రుల నుంచి ఒక ఫిర్యాదు తరచూ వింటుంటాను. ‘‘పదో తరగతికి వచ్చాడు, ఇంకా ఆ కార్టూన్ పుస్తకాలేనండీ. మీరైనా చెప్పండి మేడమ్’’ అంటారు. నేను ఆ పిల్లలకు చెప్పేదేమీ లేదు. చెప్పాల్సింది పెద్దవాళ్లకే. కార్టూన్ ఆధారంగా వచ్చిన పుస్తకాలన్నీ ఒక్క రకం కావు. కొన్ని నిజంగానే ఆరేడేళ్ల పిల్లల కోసం రాసినవి. కొన్నింటిని మాత్రం ఆ కార్టూన్‌తో పాటు పెరిగినవాళ్లే పూర్తిగా ఆస్వాదించగలరు.

మొదటి రకం మనకు బాగా తెలిసిందే. టీవీలో వచ్చిన ఎపిసోడ్‌నే తీసుకుని, పెద్ద అక్షరాల్లో, ఆ బొమ్మలతోనే అచ్చు వేస్తారు. చదవడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు ఇవి ఎంతో మేలు చేస్తాయి. కథ ముందే తెలుసు కాబట్టి తెలియని మాట ఎదురైనా భయపడరు. పెద్ద అభిమానికి వీటిలో దొరికేది తక్కువ, ఎందుకంటే అతనికి కథంతా కంఠతా వచ్చు.

రెండో రకం పుస్తకం కార్టూన్ ఆగిన చోట మొదలవుతుంది. దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ‘గ్రావిటీ ఫాల్స్’. అలెక్స్ హిర్ష్ సృష్టించిన ఈ కార్టూన్ డిస్నీ ఛానల్లో 2012 నుంచి 2016 దాకా, మొత్తం 40 ఎపిసోడ్లుగా వచ్చింది. వేసవి సెలవులకు తాతగారి వరసాయన ఇంటికి వచ్చిన కవల పిల్లలు డిప్పర్, మేబెల్. ఆ ఊరి అడవిలో డిప్పర్‌కు మొదటి ఎపిసోడ్‌లోనే ఒక పాత డైరీ దొరుకుతుంది. అట్ట మీద బంగారు రంగులో ఆరు వేళ్ల చెయ్యి, దాని మీద 3 అంకె. ఆ డైరీ రాసిందెవరన్న ప్రశ్న చుట్టూనే కథ చాలాకాలం నడిచింది.

సీరియల్ ముగిసిన ఏడాదే, 2016లో, ఆ డైరీ నిజంగానే పుస్తకంగా వచ్చింది. పేరు ‘జర్నల్ 3’. హిర్ష్, రాబ్ రెంజెట్టి కలిసి రాశారు. తెర మీద అర క్షణం మెరిసి మాయమైన పేజీలు ఇందులో తీరిగ్గా చదువుకోవచ్చు. అసలు రచయిత రాతలు ముందు వస్తాయి, తర్వాత పిల్లల రాతలు చేరతాయి. మధ్యమధ్య రహస్య లిపిలో వాక్యాలుంటాయి. వాటిని విప్పడం ఆ కార్టూన్ అభిమానులకు మొదటినుంచీ అలవాటే. ప్రతి అక్షరాన్నీ మూడు స్థానాలు జరిపి రాసే పాత పద్ధతి, అక్షరమాలను తలకిందులు చేసి రాసే పద్ధతి, అక్షరానికి బదులు అంకె వేసే పద్ధతి, ఇవన్నీ ఎపిసోడ్ల చివర వచ్చే పేర్ల మధ్య కనిపించేవి.

మా అక్క కూతురు ఇంజినీరింగ్ చదువుతున్నప్పుడు సెలవులకు మా ఇంటికి వచ్చి, ఈ పుస్తకం పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని కూర్చునేది. ఎడమ వైపు రహస్య లిపి, కుడి వైపు విప్పిన వాక్యం. ‘‘పిన్నీ, ఇది చదివాక సీరియల్ మళ్లీ మొదటినుంచి చూడాలి. అప్పుడు అర్థం కానివి చాలా ఉన్నాయి’’ అంది. పరీక్షల పుస్తకం ముందు కూడా ఆ పిల్ల అంత నిశ్చలంగా కూర్చోవడం నేను చూడలేదు. ఆ పుస్తకం పిల్లల అరలోదే. చదివిన మనిషికి మాత్రం ఓటు హక్కు వచ్చి చాలా కాలమైంది.

ఈ సంగతి ప్రచురణకర్తలకూ తెలుసు. 2024లో అదే హిర్ష్, ఆ కథలోని విలన్ బిల్ సైఫర్ పేరుతో ‘ది బుక్ ఆఫ్ బిల్’ రాశాడు. దాన్ని డిస్నీ తన పిల్లల విభాగం నుంచి కాకుండా, పెద్దవాళ్ల పుస్తకాలు వేసే హైపీరియన్ ఎవెన్యూ నుంచి తెచ్చింది. అప్పటికి పన్నెండేళ్ల కిందట మొదటి ఎపిసోడ్ చూసిన పిల్లలు పెద్దవాళ్లయ్యారని గుర్తించి తీసుకున్న నిర్ణయంగానే నాకు కనిపిస్తుంది.

‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ కథ ఇంకోలా నడిచింది. 2005లో మొదలైన ఈ కార్టూన్ 2008లో ముగిసినప్పుడు ఒక ప్రశ్న మిగిలిపోయింది. చెరలో ఉన్న తండ్రిని అందులోని పాత్ర జుకో నిలదీస్తాడు, ‘మా అమ్మ ఎక్కడ?’ అని. జవాబు రాకుండానే సీరియల్ అయిపోయింది. ఆ జవాబు 2013లో, ‘ది సెర్చ్’ అనే మూడు భాగాల బొమ్మల నవలలో వచ్చింది. రాసింది జీన్ లుయెన్ యాంగ్. అమెరికాలో నేషనల్ బుక్ అవార్డు తుది పోటీకి ఒక బొమ్మల నవల చేరడం అతని పుస్తకంతోనే మొదలు. అంతటి రచయిత చేతికి ఈ పని అప్పగించారు. పదేళ్ల వయసులో జుకోను చూసిన పిల్లవాడికి అతని తల్లి ఏమైందో తెలిసేసరికి పద్దెనిమిదేళ్లు వచ్చాయి. అంతకాలం ఒక ప్రశ్నను మనసులో మోసినవాడు ఆ పుస్తకాన్ని పిల్లల పుస్తకం అని పక్కన పెడతాడా?

గుర్రప్పిల్లల కార్టూన్ ‘మై లిటిల్ పోనీ’ని చిన్న ఆడపిల్లల కోసం తీశారు. 2010లో లారెన్ ఫౌస్ట్ దానికి కొత్త రూపం ఇచ్చాక, పాతికేళ్ల మగవాళ్లు కూడా అభిమానులయ్యారు. వాళ్ల కోసం ‘బ్రోనీ’ అన్న పేరే పుట్టింది. ఆ కథలో పాడుబడ్డ కోటలో దొరికిన అక్కచెల్లెళ్ల డైరీని 2014లో పుస్తకంగా రాసింది ఎమీ కీటింగ్ రోజర్స్. ఆ సీరియల్‌కు ఎపిసోడ్లు రాసిన మనిషే ఆవిడ. కథ లోపలి సంగతులు తెలిసిన చెయ్యి రాసింది కాబట్టే పెద్ద అభిమానికి అది పనికొచ్చే పుస్తకమైంది.

ఎపిసోడ్‌నే తిరిగి చెప్పే పుస్తకం పెద్దవాళ్లకు ఎప్పటికీ పట్టదని కూడా అనలేం. ఆస్ట్రేలియాలో తీసిన ‘బ్లూయీ’ చూడండి. అందులోని ఒక ఎపిసోడ్ నుంచి చేసిన ‘ది బీచ్’ అనే చిన్న బొమ్మల పుస్తకం 2020లో ఆ దేశ పుస్తక పరిశ్రమ అవార్డుల్లో ఏకంగా ఆ ఏటి ఉత్తమ పుస్తకంగా నిలిచింది, పెద్దల పుస్తకాలన్నిటితో పోటీపడి. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివి వినిపించే తల్లీ తండ్రీ కూడా ఆ పుస్తకానికి పాఠకులే. అమ్మానాన్నల అలసట, ఓపిక, సరదా ఆ కథల్లో ఉన్నాయి.

మనకూ ఇలాంటి అభిమానులున్నారు. ‘ఛోటా భీమ్’ పుట్టింది హైదరాబాద్‌లోనే. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ తీసిన ఈ కార్టూన్ 2008లో టీవీకెక్కింది. అప్పుడు ఏడెనిమిదేళ్లున్న పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్నారు. ఢోలక్‌పూర్ అంటే వాళ్లకు అమ్మమ్మ ఊరంత చనువు. ఆ ఊరి గురించి తెర మీద చెప్పని కథలను మంచి తెలుగులో, పెద్దవాళ్లకూ పట్టేలా ఎవరైనా రాస్తే చదివేవాళ్లు సిద్ధంగా ఉన్నారని నా నమ్మకం.

కొనేవాళ్లకు ఒక సూచన. అట్ట మీది బొమ్మ చూసి నిర్ణయించకండి. రాసిందెవరో చూడండి. ఆ కార్టూన్ సృష్టికర్తో, దానికి కథలు రాసినవారో, పేరున్న రచయితో అయితే లోపల సరుకు ఉండే అవకాశం ఎక్కువ. నాలుగు పేజీలు తిప్పి, మీకు తెలిసిన ఎపిసోడ్‌నే మళ్లీ చెబుతోందా, కొత్త సంగతేమైనా ఉందా గమనించండి. మొదటిదైతే చిన్నవాళ్లకు, రెండోదైతే పెద్దవాళ్లకు.

ఇక తల్లిదండ్రులకు, తోటి లైబ్రేరియన్లకు నా విన్నపం ఒక్కటే. పుస్తకం మీద ముద్రించిన వయసు, అర సర్దుకోవడానికి దుకాణదారుకు పనికొస్తుంది. చదివేవాళ్లను ఆపడానికి దాన్ని వాడకండి. ఈ రోజుల్లో పదహారేళ్ల పిల్లవాడు ఫోన్ పక్కన పెట్టి ఒక పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివితే, అది ఏ అరలోంచి తీసిందని అడగొద్దు. ఆ రచయితదే ఇంకో పుస్తకం వెతికి చేతికివ్వండి.