డీన్ గారి సంతకం

ఉస్మానియాతో అనుబంధం ఉన్న న్యాయమూర్తుల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్ గారు. గురువారానికి ఇచ్చేయాలి. జాబితా పొడుగ్గానే ఉంది, తలా ఒక పేరా పంచితే పేజీలు నిండుతాయి. కానీ 1973 నాటి ఎ.ఐ.ఆర్. సుప్రీంకోర్టు సంపుటంలో కేశవానంద భారతి తీర్పు తిరగేస్తుంటే ఒక చిన్న కాగితం దగ్గర ఆగిపోయాను. దాని మీద తొమ్మిదిమంది న్యాయమూర్తుల సంతకాలున్నాయి. అందులో ఒకటి జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డిది. 1950లలో హైకోర్టు జడ్జీగా ఉంటూనే ఉస్మానియా న్యాయశాస్త్ర విభాగానికి డీన్‌గా పనిచేసినాయన.

ఆయన జీవితం గబగబా చెప్పేస్తాను. 1910లో పుట్టారు. లీడ్స్, కేంబ్రిడ్జిల్లో చదివి బారిస్టరయ్యారు. 1952లో హైదరాబాదు హైకోర్టు జడ్జీ, రాష్ట్రాలు కలిశాక ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జీ, 1966లో అక్కడే ప్రధాన న్యాయమూర్తి. 1969 ఆగస్టులో సుప్రీంకోర్టుకు వెళ్లి, 1975 జనవరిలో పదవీ విరమణ చేశారు. 1999లో కన్నుమూశారు.

ఇక కాగితం సంగతి. రాజ్యాంగాన్ని సవరించే అధికారం పార్లమెంటుకు ఎంతవరకు ఉందో తేల్చాల్సిన కేశవానంద కేసును పదమూడుగురు న్యాయమూర్తులు 68 రోజులు విన్నారు. 1973 ఏప్రిల్ 24న పదకొండు వేర్వేరు తీర్పులు వెలువడ్డాయి. వందల పేజీలు. ఇంతకీ కోర్టు ఏం తేల్చిందని అడిగితే ఎవరు చెప్పగలరు? అందుకే మెజారిటీ అభిప్రాయమంటూ ఆరు అంశాలు ఒకచోట రాశారు. ఏ.ఎన్. రే, మాథ్యూ, బేగ్, ద్వివేది సంతకం పెట్టలేదు. ఆ కాగితం మెజారిటీ మాటను సరిగ్గా పట్టుకుందా అని ప్రశ్నించిన న్యాయకోవిదులూ ఉన్నారు. వాళ్ల వాదనలో పస ఉంది. అయినా లా కాలేజీలో మొదటి రోజు విద్యార్థి చేతిలో పెట్టాల్సింది ఈ కాగితమేనని నా నమ్మకం.

ఎందుకంటే మొదటి అంశం చూడండి: గోలక్‌నాథ్ తీర్పు చెల్లదు. 1967లో ఆ తీర్పు చెప్పింది మన కోకా సుబ్బారావు గారు. ప్రాథమిక హక్కులకు కోత పెట్టే అధికారం పార్లమెంటుకు లేదని అప్పుడు ఆరుగురు ఒకవైపు, అయిదుగురు ఒకవైపు నిలబడి తేల్చారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలినాళ్లలో సుబ్బారావు గారు ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా జగన్మోహన్ రెడ్డి గారు అదే కోర్టులో జడ్జీ. తనకు పెద్దగా ఉన్నాయన తీర్పును కొట్టేస్తున్న వాక్యం కింద సంతకం పెట్టారు.

రెండో అంశానికి రండి: సవరణాధికారం గురించి చెప్పే 368వ అధికరణం రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చే వీలు పార్లమెంటుకు ఇవ్వదు. పెద్దాయన గీసిన గీతను చెరిపేసి, ఆయన ఏ భయంతో గీశారో ఆ భయానికి మరోచోట కాపలా పెట్టారు. రెడ్డి గారు తన సొంత తీర్పులో సవరణాధికారం విశాలమైనదే అని ఒప్పుకున్నారు. దాన్ని వాడి రాజ్యాంగాన్ని నిలబెట్టే అంశాలను ధ్వంసం చేయడం కుదరదన్నారు. అవేమిటో పీఠికలోనూ రాజ్యాంగ నిర్మాణంలోనూ వెతికి చూపించారు: సర్వసత్తాక ప్రజాస్వామ్య గణతంత్రం, పార్లమెంటరీ ప్రజాస్వామ్యం, ప్రభుత్వానికి మూడు అంగాలు. పెద్దలతో విభేదించడం ఎలాగో, విభేదిస్తూనే వాళ్ల ఆవేదనను నిలబెట్టడం ఎలాగో ఇంతకన్నా బాగా చూపించే పాఠం నాకు కనబడలేదు.

తీర్పు వెలువడిన మర్నాడే ప్రభుత్వం సంతకం పెట్టినవాళ్లలో ముగ్గుర్ని, షెలత్, హెగ్డే, గ్రోవర్‌లను, దాటేసి రేను ప్రధాన న్యాయమూర్తిగా ప్రకటించింది. సంతకం పెట్టని ఆ రేతో పాటు ఒకేరోజు సుప్రీంకోర్టులో చేరినవారే సంతకం పెట్టిన జగన్మోహన్ రెడ్డి.

పదవీ విరమణ చేసిన ఏడాదే ఆయన ఉస్మానియా వైస్‌ఛాన్సలర్ అయ్యారు, 1977 దాకా ఉన్నారు. తార్నాక పక్కనున్న ఆ క్యాంపస్ మీద కూడా ఎమర్జెన్సీ నీడ పడిన కాలమది. ఢిల్లీలో 1975 నవంబరు 7న ఇందిరాగాంధీ ఎన్నిక కేసులో, 39వ సవరణలో ఒక భాగాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆధారం అదే రెండో అంశం. వెంటనే కేశవానంద తీర్పును తిరగదోడడానికి రే పదమూడుగురితో ధర్మాసనం వేశారు. రెండు రోజుల వాదనల తర్వాత ఆ ధర్మాసనాన్ని ఆయనే రద్దు చేశారు. కాగితం నిలిచింది.

బాక్స్: అరవై లక్షల ఫోన్

1971 మే 24న ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్ స్టేట్ బ్యాంకు హెడ్ క్యాషియర్‌కు ఫోన్ వచ్చింది. మాట్లాడింది ప్రధానేనని నమ్మి ఆయన 60 లక్షల రూపాయలు తీసుకెళ్లి నగర్‌వాలా అనే వ్యక్తికి అప్పగించాడు. జనతా ప్రభుత్వం వచ్చాక విచారణ జగన్మోహన్ రెడ్డి గారికి అప్పగించారు. అప్పటికి నగర్‌వాలా లేడు, దర్యాప్తు చేసిన పోలీసు అధికారీ లేడు. నివేదిక 1978లో ఇచ్చారు.

బాక్స్: పది పేజీల హద్దు

పత్రికలు పది పేజీలకు మించకూడదన్న న్యూస్‌ప్రింట్ విధానాన్ని 1972 అక్టోబరులో బెన్నెట్ కోల్‌మన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అయిదుగురి ధర్మాసనంలో మెజారిటీ తీర్పు రాసింది ఏ.ఎన్. రే. ఆయన రాసిన ఆ తీర్పులో కలిసినవారు సిక్రీ, జగన్మోహన్ రెడ్డి.