కుందేళ్ల యూపిరి – గూటి గాలి

కుందేలు తుమ్మినప్పుడు "జలుబు చేసినది, రెండు నాళ్లలో అదియే పోవును" అని యూరకుండుట మనలో వాడుక. పది నాళ్లు గడచునప్పటికి ముక్కు వెంట తెల్లని చీమిడి కాఱును. అది ముఖము తుడుచుకొనుటచే ముందుకాళ్ల లోపలి బొచ్చు జిగటవడి అట్టకట్టును. పిమ్మట మేత మానును. ఒకనాటి యుదయమున గూటి మూలను బిగుసుకొని పడియుండును. అప్పుడు మందుల దుకాణమునకు పరుగెత్తుదుము. కాని యా జీవమును చంపినది ఒక్కనాటి జలుబు గాదు, నెలల తరబడి అది పీల్చిన చెడుగాలి. ఈ సంగతి గ్రహించిన వారికి మందుల వ్యయమును మిగులును, గూటిలోని జీవములును మిగులును. పిల్లల వేడుకకై ఒక జంటను పెంచువారికిని, కొలది రాబడికై పది బోనులు కట్టినవారికిని ఇది సమానమే.

మనము పెంచు కుందేలు మన మెట్టచేలలో గెంతు చెవులపిల్లి గాదు. చెవులపిల్లి యీ దేశపు అడవిజీవము. దానిని పట్టుట, పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. పెంపుడు కుందేటి పూర్వులు స్పెయిన్, పోర్చుగల్ దేశములకు చెందినవి. అవి నేలలో బొఱియలు త్రవ్వుకొని పగటి యెండను తప్పించుకొని బ్రతికినవి. నేడు దక్షిణదేశమున వైట్ జెయింట్, సోవియట్ చించిల్లా మొదలగు జాతులను పెంచి పరిశోధించు ప్రభుత్వ కేంద్రము తమిళనాట కొడైకెనాల్ కొండలలోని మన్నవనూరున నున్నది. అది చలిప్రదేశము. మన తిరువూరు అట్టిది కాదు. పూర్వము కృష్ణా జిల్లాలో నుండి 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన యీ తాలూకా ప్రాంతమున మే నెల యెండ 40 డిగ్రీలు దాటి, కొన్ని నాళ్లు 44, 45 డిగ్రీలను తాకుచుండును. కావున కొండమీది జీవమును మైదానమునకు దింపినవాడు దానికి తగిన గాలిని, నీడను గూడ సమకూర్పవలయును.

ముక్కే ప్రాణము

మనుష్యునకు ముక్కు దిబ్బడవేసినచో నోటితో ఊపిరి పీల్చును. కుందేటికి ఆ వెసులుబాటు లేదనియే చెప్పవలయును. దాని గొంతు నిర్మాణమంతయు ముక్కుతో గాలి పీల్చుటకే యేర్పడినది. అది నోరు తెఱచి రొప్పుచున్నదన్న ప్రాణము మీదికి వచ్చినదని యర్థము. ఆరోగ్యముగల కుందేలు విశ్రాంతిగా నున్నప్పుడు నిమిషమునకు 30 మొదలు 60 సార్లు ఊపిరి తీయును. దానిని కదలింపక, డొక్క లేచిపడుటను గడియారము చూచి లెక్కించుట ఎవరికైనను సాధ్యమే. దేహపు వేడిమి 38.5 మొదలు 40 డిగ్రీల వఱకు నుండును.

కుందేటికి మనవలె చెమట పట్టదు. అది దేహములోని వేడిని చెవులలోని రక్తనాళముల ద్వారాను, ఊపిరి ద్వారాను వెలుపలికి పంపును. గాలి వేడిమి 30 డిగ్రీలు దాటినచో బడలును. 35 దాటినచో అపాయము సమీపించును.

ముక్కు మొదలు ఊపిరితిత్తుల వఱకు గల గొట్టముల లోపలిపొర మీద కంటికి కానరాని సూక్ష్మరోమములు గలవు. లోనికి పోయిన ధూళిని, క్రిములను అవి జిగురుతో సహా రేయింబవళ్లు వెలుపలికి ఊడ్చుచుండును. ఈ చీపురు సరిగా పనిచేయునంత కాలము జీవమునకు భయము లేదు. చెడుగాలి మొట్టమొదట పాడుచేయునది ఈ చీపురునే.

గాలిని చెఱచునవి

వీనిలో మొదటిది అమోనియా. కుందేటి మూత్రములో యూరియా యున్నది. పెంటలోని క్రిములు దానిని విడగొట్టగా అమోనియా వాయువు పుట్టును. తడినేలపై యూరియా చల్లి మన్ను గప్పక విడిచినప్పుడు చేనిలో జరుగునదియు ఇదియే. ఈ వాయువు పెంటనుండి లేచి మొదట తగులునది కుందేటి ముక్కునకు. ఏలయన దాని ముక్కు పెంటకు జానెడు దూరముననే యుండును. పది లక్షల పాళ్ల గాలిలో అమోనియా 25 పాళ్లు మించరాదని పశుశాలల విషయమున సాధారణముగా చెప్పు హద్దు. అంతకు తగ్గినకొలదియు మేలు.

దీనిని కొలుచుటకు యంత్రమక్కఱలేదు. వేకువజామున, గూటి తెరలు ఎత్తకమునుపు, లోనికి పోయి బోను ఎత్తునకు వంగి నాలుగైదు సార్లు ఊపిరి పీల్చుడు. కన్నులు చుఱుక్కుమన్నను, ముక్కు మండినను ఆ గాలి కుందేటికి విషమని తెలిసికొనుడు. నిత్యము గూటిలో తిరుగు యజమానునికి ఆ వాసన అలవాటగును. కావున వారమున కొకమారు పొరుగువానిని పిలిచి యీ పరీక్ష చేయించుట మంచిది.

వాసన పోవుటకై తడిపెంట మీద సున్నము చల్లువారు గలరు. ఇది మేలు చేయదు సరికదా కీడు చేయును. సున్నము తగిలిన తడిపెంటనుండి అమోనియా మఱింత వేగముగా లేచును. సున్నపు ధూళి ముక్కును గోకును. పెంట నెత్తివేసి, నేల కడిగి ఆరిన పిమ్మట, కుందేళ్లు లేనప్పుడు సున్నము పూయవచ్చును. పెంటకుప్పమీద చల్లదగినది సూపర్ ఫాస్ఫేటు. అది అమోనియాను పట్టి నిలుపును; ఎరువునకు భాస్వరమును చేర్చును. మీ ముక్కునకు తగులు ఘాటు మీ చేనికి పోవలసిన నత్రజనియే యని మఱవరాదు. గూటిలో గాలి చెడినకొలది ఎరువు గూడ చవిచెడుచున్నది.

రెండవది ధూళి. మిరపకాయల కల్లమునకు దాపున, ఊక తూర్పారబట్టు చోట, రంపపు పొట్టు పఱచిన పెట్టెలలో కుందేళ్లను ఉంచరాదు. బూజు పట్టిన వేరుశనగ కట్టెను, ముక్కిన గడ్డిని దులిపి వేసినను లాభము లేదు. ఆ బూజుపొడి ఊపిరితిత్తులకు చేరును. మూడవది పొగ. పొయ్యి వసారాలో బోను పెట్టుటయు, దోమలకై గూటిలో పొగవేయుటయు మానవలయును. పత్తిచేలకు, మామిడితోటలకు మందు కొట్టునప్పుడు గాలివాలున నున్న బోనులను తాత్కాలికముగా తొలగింపవలయును.

ఎండదెబ్బయా, రోగమా

రెండింటను కుందేలు రొప్పును. కాని భేదము స్పష్టము. ఎండదెబ్బ యైనచో మధ్యాహ్నవేళ గూటిలోని పెక్కు జీవములు ఒక్కమారే బాధపడును. చెవులు ఎఱ్ఱబాఱి కాలుచుండును. కాళ్లు చాపి పొట్ట నేలకాన్చి పడియుండును. ముక్కున చీమిడి యుండదు. వెంటనే నీడకు, గాలికి చేర్చి, చల్లని నీటితో చెవులను తడుపవలయును. మంచునీటిలో ముంచరాదు. తేఱుకొన్న పిమ్మట తనంతట తాను త్రాగునట్లు నీరు ముందుంచవలయునే గాని నోట పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును.

రోగమైనచో మొదట ఒకటి రెండింటికి తుమ్ములు, చీమిడి, కంటి నీరు కనబడి, దినముల తరబడి సాగి, ప్రక్క బోనులకు ప్రాకును. దీనికి ముఖ్యకారణము పాశ్చురెల్లా మల్టోసిడా అను సూక్ష్మక్రిమి. 1880 ప్రాంతమున కోళ్ల కలరాపై పరిశోధించిన లూయీ పాశ్చర్ పేర దానికా నామము కలిగినది. మన గేదెలకు తొలకరి దినములలో వచ్చు గొంతువాపునకును ఈ క్రిమిజాతియే కారణము; ఐనను దానిని కలిగించు తెగ వేఱు. ఆరోగ్యముగా కనబడు పెక్కు కుందేళ్ల ముక్కులలో ఈ క్రిమి నిద్రించుచుండును. గాలి చెడినప్పుడు, ఎండ ముదిరినప్పుడు, ప్రయాణము చేసినప్పుడు, ఈనినప్పుడు జీవము బలము తగ్గును. అంతట క్రిమి విజృంభించును. అది ఊపిరితిత్తులకు దిగినచో న్యుమోనియా, చెవిలోనికి ఎక్కినచో మెడ ఒక ప్రక్కకు వాలుట, చర్మము క్రింద చేరినచో చీముగడ్డలు కలుగును. ఒకమారు సోకిన కుందేలు కోలుకొన్నను క్రిమిని మోయుచునే యుండవచ్చును. అట్టి తల్లినుండి పిల్లలకు అంటును. కావున దీర్ఘకాలము చీమిడి కాఱుచున్న దానిని సంతతికై ఉంచుకొనరాదు.

మందుల విషయమున హెచ్చరిక

ఇంటిలో మిగిలిన బిళ్లను నూఱి కుందేటికి పోయుట కంటె పెద్ద పొరపాటు లేదు. పెన్సిలిన్, యాంపిసిలిన్, అమాక్సిసిలిన్, లింకోమైసిన్, క్లిండామైసిన్ అనునవి మనుష్యులకు హితములే యైనను, నోటి ద్వారా ఇచ్చినచో కుందేటి పెద్దప్రేవులో గడ్డిని జీర్ణింపజేయు మంచి క్రిములను చంపును. వాని స్థానమున విషక్రిములు పెరిగి, విరేచనములు పట్టి, కొలది దినములలో ప్రాణము పోవును. ముక్కురోగముతో బ్రతుకదగిన జీవము మందుతో చచ్చును. ఏ మందు, ఎంత, ఎన్ని నాళ్లు అనునది పశువైద్యుడు జీవమును చూచి నిర్ణయింపవలయును. గన్నవరమున 1998 నుండి పశువైద్య కళాశాల యున్నది. స్థానిక పశువైద్యశాలలో తేలని వ్యాధులకు అక్కడి సలహా పొందవచ్చును. వైద్యుడిచ్చిన మందు సరియైనదే యైనను, జీవమును మరల అదే గూటిలో పెట్టినచో రోగము మరల వచ్చును. మందు వారము పనిచేయును. గాలి దినదినము పనిచేయును.

గూడు కట్టు విధము

గూటి పొడవు తూర్పు పడమరలుగా నుండవలయును; అప్పుడు ఉదయపు టెండయు సాయంకాలపు టెండయు బోనులమీద పడవు. మామిడిచెట్టు నీడ దొరకినచో అంతకు మించినది లేదు. పైకప్పునకు తాటాకు శ్రేష్ఠము. ఇనుపరేకు వేసినవారు దానిమీద మందముగా తాటాకు గాని చొప్ప గాని కప్పి, రేకునకు వెల్లవేయవలయును. చూరు తక్కువ యెత్తున నుండరాదు. వేడిగాలి పైకి పోవుటకు కప్పు నడికొప్పున సందు విడువవలయును. ప్రక్కగోడలు రెండు మూడడుగులు చాలును, ఆపైన ఇనుపవల. కుక్క, పిల్లి, ముంగిస, పాము దూఱని వల కావలయును.

ఎదిగిన కుందేలు ఒక్కింటికి 2 అడుగుల పొడవు, 1½ అడుగు వెడల్పు, 1½ అడుగు ఎత్తు గల బోను కనీసము. పిల్లల తల్లికి అంతకు మించి కావలయును. బోను అడుగున అర అంగుళపు కన్నుల వల యుండినచో పెంట, మూత్రము క్రిందికి జారును. కాళ్లు ఒరయకుండ కూర్చుండుటకు ఒక మూల చిన్న చెక్క పెట్టవలయును. బోను నేలకు రెండున్నర మొదలు మూడడుగుల ఎత్తున నుండుట మేలు. అంతస్తులుగా పేర్చువారు నడుమ వాలురేకులు పెట్టనిచో పైదాని మూత్రము క్రిందిదాని ముక్కుమీద పడును. క్రింది నేల వాటముగా నుండి మూత్రము గూటి వెలుపలి గుంటకు పాఱవలయును. వేడుకకై పెంచు జంటను అట్టపెట్టెలోను, మూతబుట్టలోను దాచుట తగదు. అట్టి పెట్టెలో ఒక్క రాత్రిలోనే గాలి చెడును.

మూడు కాలముల జాగ్రత్తలు

వేసవిలో గోనెపట్టాలు తడిపి గాలివచ్చు ప్రక్కను మాత్రము వ్రేలాడదీయవలయును. నాలుగు ప్రక్కల కట్టినచో లోన ఉక్కపోసి అసలు ఎండకంటె ఎక్కువ కీడు కలుగును. మట్టి కుండను ప్రక్కవాటముగా పెట్టి పైన తడిపినచో అది కుందేటికి చల్లని బొఱియవలె నుండును. మేత ఉదయము, రాత్రి వేయవలయును. నీరు ఎల్లప్పుడు నుండవలయును.

వానకాలమున తడియే శత్రువు. దినము విడిచి దినమైనను పెంట నెత్తవలయును. జల్లు కొట్టు ప్రక్క తెర దింపి, ఎదుటి ప్రక్క తెఱచి యుంచవలయును.

చలికాలమున మంచునకు వెఱచి టార్పాలినులతో గూటినంతయు మూయుదురు. కుందేటికి బొచ్చు గలదు. అది చలికి ఓర్చును, ఘాటుగాలికి ఓర్వదు. క్రిందిభాగము మూసి పైభాగము తెఱచియుంచుటే పద్ధతి. పసిపిల్లల పెట్టెకు మాత్రము ఎండుగడ్డి, తల్లి బొచ్చు వెచ్చదనమునకు పఱచి యుంచవలయును.

సంఘములు చేయదగినది

క్రొత్తగా కొన్న కుందేటిని తిన్నగా పాతవానితో కలుపుటచే రోగము ఊరంతయు ప్రాకుచున్నది. నెలనాళ్లు దానిని దూరముగా నుంచి, మేత నీళ్లు కడపట దానికే వేసి, చేతులు కడుగుకొనవలయును. ఒంటరి రైతున కిది కష్టము. కుందేళ్లను పెంచు సభ్యులు కొందఱు కలసి ఊరి వెలుపల ఒక ఏకాంతపు గూడు కట్టుకొని, ఎవరు తెచ్చిన జీవమునైనను మొదట అందుంచినచో అందఱికిని రక్ష. ఇనుపవలను చుట్టలుగా కలసి కొనుట, పశువైద్యుని నెలకొకమారు పిలిపించి ఒక్క పూటలో అందఱి గూళ్లను చూపించుట, చచ్చినదానిని వీధిలో పాఱవేయక లోతుగా పూడ్చుట అను నియమములు పెట్టుకొనవలయును. ఒకని గూటి గాలి చెడినచో రోగము ప్రక్కవాని గూటికి చేరును గనుక ఇది ఒక్కని పని కాదు.

సభ్యులారా, ఈ పత్రిక చదివి ముగించిన మఱునాడు వేకువనే మీ గూటికి పోయి, వంగి, ఒక్కమారు ఊపిరి పీల్చి చూడుడు. మీకు నిలువలేని చోట మీ జీవము రాత్రియంతయు నిలిచియున్నది. ఆ ఘాటు పోవునట్లు ఆనాడే పెంట నెత్తి, తెర తీయుడు. తక్కిన మార్పులు పిమ్మట మెల్లగా చేసికొనవచ్చును.