హద్దులు గీసిన సరుకు

నేనుండే ములకలపల్లి సినిమా వ్యాపారుల లెక్కలో నేటికీ ‘నైజాం ఏరియా’. నిజాం పాలన 1948లో ముగిసినా, పంపిణీ హద్దు చెరగలేదు. ఆ హద్దుల పద్ధతే ఇప్పుడు ప్రపంచరూపం దాల్చింది. నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరి 6న మన దేశంలో అడుగుపెట్టింది. అదే నెల 14న, దొడ్డిదారిన పరదేశపు సినిమాలు చూసే చందాదారులను అడ్డుకుంటామని ప్రకటించింది.

ఆ దారుల్లో ఒకటి వీపీఎన్. అది ఒక సొరంగం. చందాదారు చిరునామా మరుగునపడి, మధ్యనున్న సర్వర్ చిరునామా పైకి కనిపిస్తుంది. అటువంటి చిరునామాలను గుర్తుపట్టి, అన్ని దేశాల హక్కులూ లేని సినిమాలకు కంపెనీ తలుపు మూస్తుంది. గోప్యత కోరేవాడూ, హద్దు దాటేవాడూ దాని దృష్టిలో ఒక్కటే. ఇద్దరూ డబ్బు చెల్లించినవారే.

దీన్ని కేవలం సాంకేతిక సమస్యగా చూడటం సరికాదని నా అభిప్రాయం. కళను దేశాలవారీగా ముక్కలుచేసి అమ్ముకునే పెట్టుబడి దీనికి మూలం. కనుక సినిమాకు కథనిచ్చే రచయిత, ఒప్పందంలో పారితోషికం కన్న ముందు ‘ప్రాంతం’ అన్న షరతు చదవాలి.